దోర్నకల్ అజరయ్యగారు: పల్లె బిడ్డల అధ్యక్షుడు

ధ్యాన భాగములు: 2 కొరింథీయులకు 8:1–5, మార్కు 10:13–16



సికింద్రాబాదులో రైలెక్కి మౌలాలి, ఘట్‌కేసర్, కాజీపేట, వరంగల్లు దాటి బెజవాడ దారిని పోవువారు మహబూబాబాదు తరువాత దోర్నకల్ జంక్షనును చూతురు. సింగరేణి బొగ్గు దారి అక్కడ చీలిపోవును. ఒకప్పుడు పల్లెలై యుండి నేడు నగరములో కలిసిపోయిన మన ఉప్పల్, రామంతాపూర్, నాచారము ప్రాంతములలో ఆ వైపు పల్లెలనుండి వచ్చి కాపురమున్న కుటుంబములు ఉన్నవి. మీ ఇంటిలో అక్షరము మొట్టమొదట నేర్చినవారెవరు, వారికి నేర్పినవారెవరు అని ఆ పెద్దలను అడిగి చూడుడి. చాలమంది ఒక పేట బడిని, ఒక ఉపదేశిని జ్ఞాపకము చేసికొందురు. ఆ బడుల వెనుక, ఆ ఉపదేశుల వెనుక నిలిచిన మనుష్యుని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. ఆయన బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు.

ఆయన తెలుగువాడు కాడు, సీమనుండి వచ్చిన దొరయు కాడు. తమిళదేశములో తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అను పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టెను. తండ్రి తోమా వేదనాయకముగారు మిషను బడిలో చదువుకొని క్రీస్తును నమ్మి, తరువాత ఆ పల్లె సంఘమునకు గురువైనవాడు. తల్లి ఎల్లెనమ్మ. కుమార్తె పుట్టిన తరువాత కుమారునికొరకు వారు పదమూడు సంవత్సరములు ప్రార్థించిరట. హన్నాను జ్ఞాపకము చేసికొని ఆ బిడ్డకు సామ్యూల్ అని పేరు పెట్టిరి. పిల్లవానికి పదిహేనేండ్లైనను సరిగా నిండకముందే తండ్రి ప్రభువునందు నిద్రించెను. మేఘ్ఞానపురము బోర్డింగులో చదివి, తిరునెల్వేలి కాలేజీకిని, అక్కడనుండి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకిని వెళ్లెను. చదువులో గట్టివాడే గాని పట్టపు పరీక్ష సమయమునకు జబ్బుపడి, పట్టము లేకుండనే కాలేజీ విడిచెను. బి.ఏ. లేని ఈ మనుష్యునికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ పట్టము నిచ్చినది. అయితే ఆ సంగతి మన కథకు అంత ముఖ్యము కాదు.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణ దేశమంతట తిరుగుచు యౌవనస్థుల మధ్య పనిచేసెను. 1898లో అన్బు మరియమ్మాళ్ అను చదువుకొన్న యువతిని పెండ్లాడెను. దక్షిణ దేశములో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకతె. అజరయ్యగారు కట్నము పుచ్చుకొనలేదు. మన సంఘములలో కట్నమును గూర్చి ప్రసంగించు వారు అనేకులుందురు గాని తమ పెండ్లి నాడు దానిని జ్ఞాపకము చేసికొనువారు కొద్దిమందియే. అందుచేత ఈ మాట ప్రత్యేకముగా వ్రాసితిమి.

1902లో ఆయన యాళ్పాణమునకు వెళ్లెను. సింహళ ద్వీపమునకు ఉత్తరపు కొనయందున్న ఆ ఊరి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బు కూర్చుకొని, సముద్రము దాటి మన భారతదేశపు తీరమునకు సువార్తికులను పంపుచుండిరి. అజరయ్యగారి మనస్సు అక్కడ గుచ్చుకొనినది. తిరునెల్వేలి సంఘము నూరేండ్లు దాటిన సంఘము. వేలకొలది కుటుంబములు, గుళ్లు, బడులు ఉన్నవి. అయితే తమ జిల్లా అవతల ఒక్క పల్లెకైనను తమ ఖర్చుతో ఒక్క మనుష్యుని పంపలేదు. బడి కట్టవలెనన్నను, ఉపాధ్యాయునికి జీతమియ్యవలెనన్నను సీమవైపు చూచుట వాడుకయై పోయినది. పుచ్చుకొనుచునే యుండు సంఘము ఎప్పటికిని పెద్దది కాదని ఆయనకు తోచెను. మాసిదోనియ సంఘములవారు తామే లేమిలో ఉండియు యెరూషలేములోని బీదల కొరకు శక్తికి మించి ఇచ్చిన సంగతి పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా. ఆ అధ్యాయము అజరయ్యగారు జీవితమంతయు బోధించిన అధ్యాయము. క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును అనేక దేశములలో చదివిరి.

తిరిగి వచ్చి స్నేహితులతో కలిసి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించెను. ఆ సొసైటీకి పెట్టుకొన్న నియమము మూడు ముక్కలలో చెప్పవచ్చును: పనివారు మనవారే, డబ్బు మనదే, పెత్తనము మనదే. సీమనుండి ఒక్క రూపాయి అడుగకూడదు. ఆ తమిళ సంఘములవారు ధనవంతులా అంటే కారు. వారిలో అనేకులు తాటిచెట్లెక్కి కల్లు, బెల్లముతో జీవించిన కుటుంబములవారు, కూలివారు, చిన్న రైతులు. ఇంటనున్న గృహిణి అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము వేరుగా తీసి ముంతలో వేయుట వంటి కానుకలతోనే ఇట్టి పనులు నడచినవి. ఆ పిడికెళ్లు ఎవరికొరకు? తామెన్నడును చూడని, తమ భాష రాని తెలుగు పల్లెల పిల్లల కొరకు.

సొసైటీవారు స్థలము వెదకుచు నైజాము రాజ్యములోనికి వచ్చి, వరంగల్లు సీమలో మానుకోట తాలూకాయందలి దోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనిరి. సువార్త వినని పల్లెలు అక్కడ చుట్టును ఉండెను. సామ్యూల్ పాక్యనాథన్‌గారు వారి మొదటి మిషనరీ. 1906లో మొదటి బాప్తిస్మములు జరిగినవి. మరుసటి సంగతి వినుడి. పనివారికొరకు ఊరూర అడుగుచు తిరిగిన అజరయ్యగారికి ఒకనాడు తన మాట తనకే తగిలినది. ఇతరులను వెళ్లుడని చెప్పువాడు తానెందుకు వెళ్లకూడదు? పేరు, పలుకుబడి, మంచి ఉద్యోగము విడిచి, 1909లో గురుత్వమునకు అభిషేకము పొంది, భార్యా బిడ్డలతో దోర్నకల్ చేరెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు. తెలుగు అక్షరములు దిద్దుకొనుటకు కూర్చుండెను. భార్యయు నేర్చుకొనెను. ఇల్లు లేక మొదట గుడారములోనే కాపురము. చుట్టును అడవి.

ఆ నాటి పల్లెల స్థితి మన యౌవనస్థులకు తెలియదు గనుక కొంచెము వివరించుట అవసరము. నైజాము రాజ్యములో సర్కారు చదువు ఉర్దూలో నడచెను. తెలుగు బడులు అరుదు. ఉన్న బడిలోనికైనను మాల మాదిగ పేటల పిల్లలకు ప్రవేశము దుర్లభము. తండ్రి దొరవద్ద అప్పు తీసికొనెను, కాగితముమీద వేలిముద్ర వేసెను. అందులో ఏమి వ్రాసిరో ఆయనకు తెలియదు. అప్పు తీరువరకు తాను, తాను పోయిన తరువాత కుమారుడు జీతమునకు ఉండవలెను. ఏడెనిమిది ఏండ్ల పిల్లవాడు పశువుల వెంట పోవును. ఆడపిల్ల చంటిబిడ్డను చంకనెత్తుకొని తల్లి కలుపునకు పోయినప్పుడు ఇల్లు కాయును. అక్షరము లేకపోవుట అనునది అక్కడ ఒక గొలుసు. హైదరాబాదు నగరములో 1910 నుండి భాగ్యరెడ్డి వర్మగారు ఆది హిందువుల పిల్లల కొరకు తెలుగు పాఠశాలలు పెట్టుచుండినది ఇదే కారణము చేతనే. ఆయన దారి వేరు, అజరయ్యగారి దారి వేరు, కాని ఇద్దరును చూచిన ఆకలి ఒకటియే.

దోర్నకల్ పని ఆ పేటలలో చిన్న చిన్న బడులుగా ప్రారంభమాయెను. బడి అనగా తాటాకు పాక. ఆదివారము అదియే గుడి. ఉపదేశియు ఆయన భార్యయు ఆ పేటలోనే కాపురముండవలెను. అట్టి బడులలో పగలు వచ్చువారు కొద్దిమంది పసిపిల్లలే. పశువులు ఇల్లు చేరిన తరువాత, లాంతరు వెలిగించి అసలు బడి మొదలగును. ఇసుకలో వ్రేలితో దిద్దించుట, పలక, ఎక్కములు, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, కీర్తనలు. పిల్లవాని వెనుక తండ్రి వచ్చి గోడకు చేరగిలబడి వినును. తల్లి గుమ్మములో నిలుచును. చదువు రాని సంఘము పాటలలో బైబిలు నేర్చినది ఈ రాత్రి బడులలోనే. ఉపదేశియే పేటవారికి అర్జీలు వ్రాయువాడు, ఉత్తరములు చదివి చెప్పువాడు. కుమారునికి చదువు వచ్చిన ఇంటిలో అప్పు కాగితము మీద వేలిముద్ర వేయకముందు దానిని ఒకసారి చదివించుకొనిరి. ఇది చూచుటకు చిన్న మార్పు. దొరలకు మాత్రము చిన్నదిగా తోచలేదు.

అధ్యక్షుడైన తరువాతను అజరయ్యగారు ఎడ్లబండిమీద, సైకిలుమీద, కాలినడకను ఈ పేటలన్నిటికి తిరుగుచు వచ్చెను. కూలివారు పొలమునుండి వచ్చువరకు కాచియుండి రాత్రి ఆరాధన జరిగించెను. పిల్లలను ముందు కూర్చుండబెట్టి ప్రశ్నలడిగెను. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేయి తమ తలమీద పెట్టించి, సువార్త ప్రకటింపకపోయిన యెడల తమకు శ్రమ యని పౌలు తన్నుగూర్చి చెప్పుకొన్న మాట పలికించుట ఆయన పద్ధతి. గురువుగారు చెప్పును, మనము విందుము అను క్రైస్తవత్వము ఆయనకు నచ్చదు. నిన్న బాప్తిస్మము పొందిన కూలివాడు నేడు పొరుగు పల్లెకు సాక్షి. ఏటేట ఒక వారము సంఘస్థులందరు పనులు మానుకొని, కూలి పోగొట్టుకొని, జట్లు జట్లుగా పొరుగూళ్లకు పోయి సాక్ష్యమిచ్చు ఏర్పాటు దోర్నకల్ ఖండములో గట్టిగా సాగెను. దీనికి జీతము లేదు, బత్తెము లేదు. నేడు వేసవి సెలవులలో పట్టణ సంఘముల యౌవనస్థులు పల్లెలకు పోయి పిల్లలకు వి.బి.ఎస్. జరుపుదురు. దానికి ముందు నడచిన పాదములివి. ఒక భేదమున్నది. మన పిల్లలు ఇంటిలో అన్నము తిని పోవుదురు, వారు ఆ దినపు అన్నము విడిచి పోయిరి.

1910లో ఎడిన్‌బరో పట్టణమున లోకమంతటి మిషను సంస్థల గొప్ప సభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా వారు ఇరువదిమందియైనను లేరు. అజరయ్యగారిని మాటలాడమనిరి. కృతజ్ఞతలు చెప్పి కూర్చుండునని అనేకులు తలంచియుందురు. ఆయన కృతజ్ఞత చెప్పెను, దాచక మరియొక మాటయు చెప్పెను: మిషనరీలు మాకొరకు ఆస్తిని, ప్రాణమును ఇచ్చిరి గాని మమ్మును తమ బల్లయొద్ద సమానులుగా కూర్చుండబెట్టుకొనలేదు, మాకు దాతలు చాలరు, స్నేహితులు కావలెను అని ఆ ప్రసంగ భావము. సభలో కొందరికి కోపము వచ్చినది. కాని ఆ సభలో పలికిన ప్రసంగములలో నేటికిని జ్ఞాపకముంచుకొన్నవి కొద్ది, అందులో ఇది ఒకటి. బీద పిల్లలకు మేలుచేయబోవు మనకును ఆ మాట తగులును. బట్టలు పంచి ఫోటో తీయించుకొని తిరిగివచ్చిన దినమున, ఆ పిల్లలలో ఒకనితో కలిసి కూర్చుండి తింటిమా?

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయనకు అధ్యక్ష అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు అధ్యక్షుడగుట అదియే మొదటిసారి. మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు దీనికొరకు చాల ప్రయాసపడిరి. నల్లవాని క్రింద తెల్ల గురువులు ఎట్లు పనిచేయుదురని కొందరు దొరలు అడ్డు చెప్పిరి. కొందరు తమిళ క్రైస్తవులు కులమును పట్టుకొని అడ్డు చెప్పిరి. ఏ అడ్డు ఎక్కువ బాధపెట్టినదో మనము ఊహింపవచ్చును. 1935లో ఎలియట్‌గారను ఆంగ్లేయుడు ఆయనకే సహాయ అధ్యక్షుడాయెను. ప్రభువు పని ఆ విధముగా జరిగినది.

ఆరంభమున దోర్నకల్ చిన్న ఖండమే. 1920లో కృష్ణా గోదావరి ప్రాంతముల ఆంగ్లికన్ సంఘములు దానితో కలిసినవి. పేటలకు పేటలే బాప్తిస్మము కోరుచు వచ్చెను. ఉపదేశులు ఎక్కడనుండి రావలెను? ఇక్కడనే అజరయ్యగారి అసలు పని యున్నదని మా అభిప్రాయము. బయటనుండి పండితులను తెప్పింపలేదు. ఆ పేట బడులలో చదివిన పిల్లలలోనుండియే ఏరుకొని, దోర్నకల్ బోర్డింగులో పెంచి, ఉపదేశులుగా, తరువాత గురువులుగా చేసెను. 1935 నాటికి ఆ ఖండములో 250 మంది భారతీయ గురువులు, 2,000కు మించిన పల్లె ఉపాధ్యాయులు ఉండిరి. వీరిలో అధికుల తల్లిదండ్రులకు అక్షరము రాదు.

బోర్డింగు పిల్లలు పొలములో పనిచేసిరి. చదివినవాడు నాగలి ముట్టకూడదను తలంపు పల్లెకు చేటని ఆయన నమ్మెను. బడికి పోయినవాడు తెల్లబట్టకట్టి పట్టణమునకు పారిపోయినయెడల పేటకేమి మిగులును? అందుచేత పుస్తకముతో పాటు సేద్యమును, చేతిపనులును నేర్పించెను. దోర్నకల్‌లో ముద్రాక్షరశాల ఏర్పడెను. కొందరు తల్లిదండ్రులకు ఇది కష్టము తోచినది. మా వాడు మట్టి పిసుకుట ఇంటియొద్ద తెలియును, బడికెందుకు అనిరట. వారి ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. తరతరములుగా ఇతరుల మట్టి పిసికినవారు తమ బిడ్డ దానినుండి తప్పుకొనవలెనని కోరరా? ఆయన జవాబు, తన పని తాను గౌరవించుకొనువానిని ఎవడును బానిసగా చేయలేడని. ఈ తర్కము నేటికిని తీరలేదు.

వేద పాఠశాలకు వచ్చు ఉపదేశులు భార్యా బిడ్డలతో రావలెనని ఏర్పాటు చేసెను. భర్త తరగతిలో ఉండగా భార్యకును తరగతులు. చదువుట, కుట్టుట, బిడ్డను శుభ్రముగా పెంచుట, కథ చెప్పుట. ఈ భారము అన్బు అమ్మగారు వహించిరి. పేటలో ఉపదేశి పొరుగూరికి పోయిన దినమున బడి మూతపడకుండ కాచినది ఆ భార్యలే. పేటలోని ఆడపిల్లలు మొదట పలక పట్టినది ఆమెయొద్దనే. సంఘ చరిత్రలలో వారి పేర్లు లేవు.

పల్లె క్రైస్తవులకు నాలుగు దయ్యములున్నవని అజరయ్యగారు చెప్పుచుండెడివారు: మురికి, రోగము, అప్పు, తాగుడు. ఇవి పోనిది బాప్తిస్మము పైపూత యగునని వారి భయము. అప్పు నెదుర్కొనుటకు సహకార సంఘములు పెట్టించిరి. తాగినవారిని సంఘ క్రమశిక్షణకు లోపరచిరి. ఐదవ దయ్యమొకటి యుండెను, దానిని లెక్కింపకున్నను దానితోనే ఎక్కువ పోరాడిరి. అది కులము. మాల క్రైస్తవుడు మాదిగ క్రైస్తవునితో ఒకే పాత్రలో త్రాగనన్నప్పుడు ఆయన రాజీపడలేదు. ప్రభువు బల్లకు రెండు వరుసలు లేవనెను. కొన్ని చోట్ల గెలిచెను, కొన్ని చోట్ల ఓడెను. పెండ్లి సంబంధముల సంగతి వచ్చినప్పుడు మన సంఘములు నేటికిని ఎంత దూరము వచ్చినవో ప్రతివాడును ఎరుగును.

కోతకాల పండుగలలో ఆ బీద సంఘములు కానుకలు తెచ్చిన రీతి చూడదగినదట. జొన్నలు, వడ్లు, కోడి, మేకపిల్ల, గుమ్మడికాయ, ఏమియు లేనివాడు కట్టెల మోపు. 1930 తరువాత సీమ సంస్థల గ్రాంటులు తగ్గుచు వచ్చినప్పుడు ఇట్టి కానుకల విలువ తెలిసినది. న్యాయముగా చెప్పవలెనన్న, తిరునెల్వేలి సొసైటీ పూర్తిగా స్వదేశపు డబ్బుతో నడచినను, ఖండమంతటికి సీమ సహాయము అందుచునే యుండెను. సంపూర్ణముగా తమ కాళ్లమీద నిలువవలెనన్న ఆయన కోరిక ఆయన దినములలో నెరవేరలేదు.

మతము మార్చుకొనుటను గూర్చి గాంధీగారికిని ఆయనకును 1930ల నడుమ గట్టి భేదాభిప్రాయము కలిగెను. బీదలు ఆశచేత మారుచున్నారని విమర్శ. పేటలవారికిని తమ ఆత్మ సంగతి తాము తెలిసికొను వివేకమున్నదని అజరయ్యగారి వాదము. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని, దేశమునుండి వేరుపడవద్దని పట్టుబట్టినవారును ఆయనే. సంఘముల ఐక్యతకొరకు 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలలో మొదటినుండి పాలుగొనెను. దాని ఫలమైన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను.

దోర్నకల్‌లో ఎపిఫనీ దేవాలయము కట్టుటకు చాల సంవత్సరములు పట్టెను. డబ్బు కొంచెము కొంచెముగా వచ్చినది. సీమ గుళ్ల పోలికగా కాక, మన దేశపు మండపములు, గుమ్మటముల పోలిక దానిలో కలుపవలెనని అజరయ్యగారు కోరెను. పల్లెవాడు దానిలో అడుగు పెట్టినప్పుడు పరాయి ఇంటిలోనికి వచ్చినట్లు తోచకూడదని. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడెను.

అప్పటికి ఆయనకు అరువదినాలుగు సంవత్సరములు. తిరుగుట మానలేదు. 1945 జనవరి 1న కొద్ది దినముల జబ్బుతో దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించెను. ఆయన సమాధి ఆ దేవాలయము చెంతనే యున్నది. 1903లో తిరునెల్వేలి పల్లెవారి కానుకలతో మొదలైన ఆ సొసైటీ నేటికిని సేవకులను పంపుచున్నది.